ఎనభై తెరల మీద కపిల

కాన్ఫరెన్సుకు వెళ్లొచ్చినవాళ్లు అక్కడ ఏం నేర్చుకున్నారో ఒక పేజీ రాసి గోడకు అంటించాలి. మా కంపెనీలో అదొక రివాజు. నేనూ రాశాను. "కంటైనర్ టెక్నాలజీ చాలా ఉపయోగకరం. భోజనం బాగుంది" అని రాసి సంతకం పెట్టాను. ఆ పేజీ ఇంకా కాఫీ మెషీన్ పక్కన వేలాడుతూనే ఉంది. అందులో రాయనిది ఇది.

మాది మైసూరులో ప్రైవేటు బస్సులకు సీట్లు బుక్ చేసే కంపెనీ. మంగళూరుకో హుబ్బళ్లికో మీరు ఫోన్లో స్లీపర్ సీటు తీసుకునేటప్పుడు ఖాళీ గడి పచ్చగా, నిండిన గడి ఎర్రగా కనిపిస్తుంది చూడండి, ఆ రంగులు మార్చే మెషీన్లు మా సెల్లార్‌లో ఉంటాయి. మొత్తం ఆరు సర్వర్లు. కపిల, కావేరి, హేమావతి, శింష, అర్కావతి, లక్ష్మణతీర్థ. ఆ నదుల పేర్లు పెట్టింది నేనే. పందొమ్మిదేళ్లుగా వాటి జ్వరాలు, జలుబులు చూసుకుంటున్నదీ నేనే. నా పేరు నంజుండప్ప. ఎస్సెస్సెల్సీ తప్పాను. లెక్కల్లో ముప్పై నాలుగు. ముప్పై అయిదు వస్తే పాసు. ఆ తర్వాత ఆఫీసులకు కేబుళ్లు లాగే పనిలో చేరాను. కేబుల్ చివర ఏముందో చూద్దామని వెళ్లి అక్కడే ఉండిపోయాను.

కంపెనీ పెట్టింది కస్తూరి మేడమ్ వాళ్ల నాన్నగారు. ఆయన పోయాక ఇప్పుడు ఆవిడదే. మొన్న దసరా సెలవుల ముందు శుక్రవారం సాయంత్రం కర్ణాటక అంతా ఒక్కసారిగా ఊరికి బయల్దేరింది. ఆ తాకిడికి హేమావతి నలభై నిమిషాలు మూర్ఛపోయింది. జనం మమ్మల్ని తిట్టిన తిట్లు ఏ నదిలో మునిగినా పోయేవి కావు. ఆ వారంలోనే ఎవరో మేడమ్ చెవిలో 'కంటైనర్లు' అనే మాట వేశారు.

ఆ ఎవరో చిన్మయ్ హెగ్డే. బెంగళూరు కుర్రాడు. మా సెల్లార్‌లాంటి పాత గదుల్ని ఖాళీ చేయించి, అందులో నడిచేదాన్నంతా కంటైనర్లలోకి మార్చడమే అతని కంపెనీ వ్యాపారం. బెంగళూరులో ఒక శనివారం చిన్న కాన్ఫరెన్సు పెట్టారు. ఎనభై మంది దాకా వస్తారు, అందులో పెద్ద ఉపన్యాసం ఇతనిదే.

"మీరూ రండి నంజుండప్పా" అన్నారు మేడమ్. "ఆ అబ్బాయి చెప్పేది విందాం. బాగుందనిపిస్తే సాయంత్రం అక్కడే మాట ఇచ్చేసి వచ్చేద్దాం."

మాట ఇస్తే సెల్లార్ ఖాళీ. సెల్లార్ ఖాళీ అయితే యాభై రెండేళ్ల వయసున్న, ఎస్సెస్సెల్సీ తప్పిన నంజుండప్పను ఏ అంతస్తులో పెడతారు? ఆవిడ చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే చెప్పేస్తారేమోనని.

కంటైనర్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఒక ప్రోగ్రామునీ, అది నడవడానికి కావలసిన సరంజామానీ కలిపి ఒక పెట్టెలో సర్ది మూత వేస్తారు. పొద్దున్నే ఇంట్లో క్యారేజీ కట్టుకున్నట్టు. ఎక్కడ దింపినా అక్కడ నడుస్తుంది. రద్దీ పెరిగితే అలాంటివే ఇంకో పది దింపుకుంటారు. తగ్గితే పారేస్తారు. ఇలాంటి పెట్టెలన్నీ ఇంటర్నెట్లో ఒక పెద్ద గిడ్డంగిలో ఉంటాయి. కావలసినవాళ్లు పేరు చెప్పి దింపుకోవడమే. ఇంత సుఖం కనిపెట్టినవాడికి దండం పెట్టాల్సిందే. నా పొట్ట మీద కొడుతున్నాడు కాబట్టి పెట్టలేదు.

కాన్ఫరెన్సు జయనగర్‌లో ఒక కంపెనీ క్యాంటీన్‌లో జరిగింది. గుమ్మం దగ్గర బ్యాడ్జీలు రాస్తున్న అమ్మాయి పేరు అడిగింది, చెప్పాను. "ఎక్కడ పని చేస్తారు సర్?" అంది. "సెల్లార్‌లో" అన్నాను. అదే రాసి మెడలో వేసింది. దాంతో ఖారాబాత్ తింటున్న ఇద్దరు కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చి, "సెల్లారా? కొత్త కంపెనీయా అంకుల్? పేరు భలే ఉంది గురూ! డబ్బు ఎవరు పెట్టారు?" అని అడిగారు. "పెట్టినాయన పోయాడు" అన్నాను. ఇద్దరూ మర్యాదగా తల దించుకుని కేసరిబాత్ వైపు వెళ్లిపోయారు.

అక్కడ ప్రతివాడూ ఏదో ఒక పాత కాన్ఫరెన్సులో పంచిపెట్టిన టీషర్టు వేసుకొచ్చాడు. ఎంత పాతదైతే అంత గౌరవం. రంగు వెలిసి, మెడ సాగి, చంకలో చిరిగినది వేసుకున్నవాడి చుట్టూ నలుగురు నిలబడి వింటున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నది నేనొక్కడినే. పెళ్లిచూపులకు వచ్చి తప్పు ఇంట్లో దూరినవాడిలా ఉన్నాను.

మేడమ్ రెండో వరుసలో కూర్చున్నారు. పక్కన నేను. చిన్మయ్ వేదికెక్కాడు. జుట్టు నడినెత్తిన ముడి. ఉపన్యాసం పేరు వెనక గోడకు పెద్ద కాగితం మీద వేలాడుతోంది: 'ఎవర్నీ నమ్మొద్దు'.

"ముందొక ప్రశ్న" అన్నాడు. "తమ సర్వర్లకు ముద్దుపేర్లు పెట్టుకున్నవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? సిగ్గుపడకండి."

నేను చెయ్యెత్తాను. నాకు సిగ్గెందుకు?

"ఓహో, అంకుల్! ఎన్ని ఉన్నాయి మీకు?"

"ఆరు."

"పేర్లు చెప్పండి, విని తరిస్తాం."

చెప్పాను. మూడో నదికే వెనక వరుసల్లో కిచకిచలు మొదలయ్యాయి.

"పుట్టినరోజులు కూడా చేస్తారా అంకుల్?"

"పుట్టినరోజుల్లేవు. ఆయుధపూజకు మాత్రం పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేసి, బూడిద గుమ్మడికాయ కొడతాం."

క్యాంటీన్ అంతా పగలబడి నవ్వింది. మేడమ్ కూడా నవ్వారు. అది మాత్రం నాకు మింగుడు పడలేదు. ప్రతి ఏడూ ఆ గుమ్మడికాయ కొట్టేది ఆవిడే మరి.

"చూశారా, ఇదే జబ్బు" అన్నాడు చిన్మయ్ నవ్వులు ఆగాక. "పేరు పెడితే ప్రేమ పుడుతుంది. ప్రేమ పుడితే పారేయలేరు. నంబర్లు ఇవ్వండి చాలు."

ఆ తర్వాత అతను చెప్పింది మాత్రం నిజంగా బాగుంది. అబద్ధమెందుకు చెప్పాలి? పెట్టెను ఎవరు కట్టారో మీకు తెలియదు, లోపల ఏముందో తెలియదు అన్నాడు. ప్రతి పెట్టెకూ వేలిముద్రలాగా ఒక పొడవాటి అంకె ఉంటుంది, లోపల ఒక్క అక్షరం మారినా ఆ అంకె మారిపోతుంది, దింపుకోగానే అది సరిచూసుకోకుండా నడపకండి అన్నాడు. "పెట్టె మీద 'లేటెస్ట్' అని చీటీ ఉంటే కళ్లకద్దుకుని తెచ్చుకుంటారు. చీటీ ఎవడైనా అంటిస్తాడండీ!" అన్నాడు. ఇంత చక్కగా చెప్పేవాడి చేతిలో ఉద్యోగం పోవడం కూడా ఒక మర్యాదేనేమో అనిపించింది, ఒక్క క్షణం.

పదకొండు గంటలకు చేతులతో చేసే భాగం మొదలైంది. అందరూ లాప్‌టాపులు తెరిచారు. చిన్మయ్ కంపెనీలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి వరుసలన్నీ తిరుగుతూ తలా ఒక కాగితం పంచింది. ఆ అమ్మాయి పేరు నేత్రావతి, పుత్తూరు పిల్ల. కాగితం మీద టైపు చేయాల్సిన కమాండ్, దాని కింద ఆ పెట్టె వేలిముద్ర అంకె అచ్చు వేసి ఉన్నాయి. సగం మంది ఆ కాగితం మీదే కాఫీ కప్పు పెట్టారు.

"మూడు, రెండు, ఒకటి... దింపుకోండి!" అన్నాడు చిన్మయ్.

ఎనభై మంది ఒకేసారి మీట నొక్కారు. ముప్పై మందికి దిగిందేమో. మిగతావాళ్ల తెరల మీద ఎర్ర అక్షరాలు. గిడ్డంగివాళ్లకు ఒక లెక్క ఉంటుంది. ఒకే చిరునామా నుంచి కొన్ని గంటల్లో ఇన్నిసార్లే ఇస్తారు. క్యాంటీన్ వైఫై వాడుతున్న ఎనభై మందికీ బయటికి ఒకటే ఇంటర్నెట్ చిరునామా. పొద్దుట్నుంచీ వీళ్లు సరదాకు దింపుకున్నవే ఆ లెక్కను సగం తినేశాయి. ముందే ఇంటి దగ్గర దింపుకుని రండి అని ఆహ్వానంలో రాశారు. ఇలాంటి చోట్లకు వచ్చేవాడెవడూ అది చదవడు. చదవకపోవడమే వీళ్ల దగ్గర హోదా.

నేను చదివాను. మూడు రోజుల ముందే దింపుకుని, నాలుగుసార్లు నడిపి చూసుకుని వచ్చాను. పది మందిలో పరువు పోతుందని భయం ఉన్నవాడికి ఆ మాత్రం శ్రద్ధ దానంతటదే వస్తుంది.

"ఒక్క నిమిషం, ఒక్కటే నిమిషం" అంటున్నాడు చిన్మయ్. పది నిమిషాలు గడిచాయి. నడినెత్తి ముడి ఒక పక్కకు జారింది.

మేడమ్ నా వైపు వంగారు. "ఏమైంది నంజుండప్పా వీళ్లకి?"

"ఆగిపోయింది మేడమ్."

"మన హేమావతిలాగానా?"

"హేమావతి నలభై నిమిషాలకు లేచింది మేడమ్. దీని సంగతి తెలీదు."

ఆవిడ గడియారం చూసుకున్నారు. నా గుండెల్లో చల్లగా గాలి ఆడింది. ఇంకేం చెయ్యక్కర్లేదు. నోరు మూసుకుని, చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు. ఇంకో అరగంట ఇలాగే సాగితే ఆవిడ ఎవరికీ ఏ మాటా ఇవ్వరు. సెల్లార్ నాది, నదులు నావి.

అప్పుడు చిన్మయ్ మైకు తీసుకుని జనాన్ని నవ్వించబోయాడు. "ఏం కంగారు లేదు. ఇదే పాత కాలమైతే ఈపాటికి అంకుల్ గుమ్మడికాయ కోసం మార్కెట్‌కు పరుగెత్తేవారు!"

అందరూ మళ్లీ నవ్వారు. మొదటి నవ్వు ఎలాగోలా దిగమింగాను. రెండోది గొంతులోనే నిలబడిపోయింది. కూర్చుంటే ఉద్యోగం దక్కుతుందని బుర్ర చెబుతూనే ఉంది. చెయ్యి మాత్రం లేచిపోయింది.

"ఆ పెట్టె నా దగ్గరుంది" అన్నాను.

"నిజమా అంకుల్?"

"పాతకాలం మనుషులం కదా, మూట కట్టుకుని బయల్దేరడం అలవాటు. నా లాప్‌టాప్‌నే చిన్న గిడ్డంగిలా పెడతాను. దిగినవాళ్లూ దిగనివాళ్లూ అందరూ ఇందులోంచే దింపుకోండి. బయటికి వెళ్లే పనే లేదు."

"అంకుల్, మీరు మనిషి కాదు, దేవుడు!" అన్నాడు చిన్మయ్.

"కాఫీ తాగి రండి. పదిహేను నిమిషాలు చాలు" అన్నాను.

జనం కాఫీ వైపు కదిలారు. మేడమ్ నన్ను వింతగా చూసి వాళ్ల వెంట వెళ్లారు. గిడ్డంగి పెట్టడానికి నాలుగు నిమిషాలు పట్టింది. మిగిలిన పదకొండు నిమిషాల్లో చిన్మయ్ పెట్టె మూత తీశాను. లోపల అతని కంపెనీ గుర్తు చూపించే పేజీ ఒకటుంది. దాన్ని తీసేసి ఇంకోటి పెట్టాను. మూత బిగించి, పైన అదే పేరు రాసి, 'లేటెస్ట్' అని చీటీ అంటించాను. చీటీ ఎవడైనా అంటిస్తాడు కదా.

అందరూ తిరిగొచ్చి కూర్చున్నారు. ఒక చిక్కు వచ్చింది. ముక్కూ మొహం తెలియని గిడ్డంగి నుంచి దింపుకోవడానికి వాళ్ల మెషీన్లు ఒప్పుకోలేదు. దానికొక దారి ఉంది. 'ఈ చోటు భద్రమైనది కాదని నాకు తెలుసు, అయినా పర్లేదు' అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి మెషీన్‌లో రాసిపెట్టాలి. చిన్మయ్ ఆ వాక్యాన్ని గోడ మీద పెద్ద అక్షరాలతో చూపించాడు.

"ఇది కొట్టేయండి. మన అంకులే కదా!"

వెనకనున్న గోడ మీద 'ఎవర్నీ నమ్మొద్దు' అన్న కాగితం ఇంకా వేలాడుతూనే ఉంది. దాని కింద ఎనభై మంది నిపుణులు తలలు వంచుకుని ఆ వాక్యం కొట్టారు. నా పన్నెండేళ్ల లాప్‌టాప్ బుసలు కొడుతూ ఎనభై పెట్టెలు పంచింది. చివరి వరుసలోంచి నేత్రావతి లేచి, కాగితం పట్టుకుని గబగబా వేదిక దగ్గరికి వెళ్లి ఏదో చెప్పబోయింది. చిన్మయ్ చెయ్యి ఊపాడు. "తర్వాత నేత్రా, తర్వాత. ఇప్పటికే ఆలస్యమైంది." ఆ అమ్మాయి వెనక్కి వెళ్లి లాప్‌టాప్ మూసేసి కూర్చుంది.

"నడపండి!" అన్నాడు చిన్మయ్. తనూ మీట నొక్కాడు.

గోడంత తెర మీద మా కపిల ప్రత్యక్షమైంది. నల్లటి ఇనప ఒళ్లు, నుదుట కుంకుమ బొట్టు, మెడలో బంతిపూల దండ, ముందు పగలగొట్టిన గుమ్మడికాయ. దసరాకు తీసిన ఫోటో. కింద కన్నడంలో నాలుగు ముక్కలు రాశాను:

"నమస్కారం. నా పేరు కపిల. మైసూరులో ఒక సెల్లార్‌లో ఉంటాను. మీరు పిలిచిన పెట్టెను నేను కాను, అయినా పిలిచారు కదా అని వచ్చేశాను. మూత తీసి చూడనందుకు కృతజ్ఞతలు. మీ ఇల్లు బాగుంది. ఇక్కడే ఉండిపోనా?"

 ఎవరో "అయ్యో గురూ, నా మెషీన్‌లోనూ ఉంది!" అని అరిచాడు. "నాదీ!" "నాదీ!" ఒక లాప్‌టాప్ తర్వాత ఒకటి. ఎనభై తెరల మీద కుంకుమ బొట్టు. చిరిగిన టీషర్టు పెద్దమనిషి కుర్చీలోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. నవ్వు ఈసారి వేదిక వైపుకు పోయింది.

చిన్మయ్ మొహం కుంకుమ రంగుకు వచ్చింది. "ఇది... ఇది మా ఉపన్యాసంలో భాగమే" అన్నాడు. ఎవడూ నమ్మలేదు. మొదటిసారి అతని ఉపన్యాసం బాగా తలకెక్కింది వాళ్లకి.

"నేను నడపలేదు" అంది చివరి వరుసలోంచి నేత్రావతి, నిలబడి. గొంతు సన్నగా ఉన్నా గట్టిగానే అంది. "కాగితం మీది అంకెకూ దీనికీ కలవలేదు. చెప్పడానికే వచ్చాను సర్."

నేను కాలర్ సర్దుకుని మేడమ్ వైపు చూశాను. ఆవిడ నవ్వడం లేదు.

భోజనాలయ్యాయి. తిన్నంతసేపూ నా వీపు తట్టినవాళ్లే. 'కపిల అంకుల్' అని కొత్త పేరు పెట్టి నాతో ఫోటోలు దిగారు. మేడమ్ మాత్రం దూరంగా కిటికీ దగ్గర నేత్రావతితో చాలాసేపు మాట్లాడుతూ కనిపించారు. తిరుగు ప్రయాణంలో కారు ఆవిడే నడిపారు. రామనగర దాటింది, చన్నపట్న దాటింది.  మద్దూరులో ఆపి వడ, బై టూ కాఫీ చెప్పారు. నా వాటా గ్లాసు నా వైపు జరిపి అప్పుడు అడిగారు.

"నంజుండప్పా, మన మెషీన్లలో ఏం పెట్టారు?"

"అంటే మేడమ్?"

"పదిహేను నిమిషాల్లో ఎనభై మంది ఇళ్లలోకి దూరారు. మన ఆరింటి తాళాలూ పందొమ్మిదేళ్లుగా మీ దగ్గరే ఉన్నాయి. నాన్న నమ్మారు. నేనూ నమ్మాను. ఎప్పుడైనా మూత తీసి చూశామా?"

వడ నోట్లోనే ఉండిపోయింది. ఇంతసేపూ నేను చిన్మయ్‌ను ఓడించాననుకుంటున్నాను. ఆవిడ కళ్లకు కనబడింది వేరు. అతని దుకాణం మూయించబోయి, అదే పాఠం నా మీదే చదివించుకున్నాను. ఎవర్నీ నమ్మొద్దు, సెల్లార్‌లో ఉన్నవాణ్ని అసలే నమ్మొద్దు.

"ఏమీ లేదు మేడమ్" అనేస్తే సరిపోయేది. కానీ సోమవారం ఆ పుత్తూరు పిల్లలాంటివాళ్లెవరినో పిలిచి వెతికిస్తే దొరికిపోతాను. దొరికితే దొంగనైపోతాను. ఇప్పుడు చెబితే వెధవనౌతాను. వెధవతనం నయమనిపించింది.

"ఒక్కటుంది మేడమ్. అర్కావతిలో. ఒకే ఒక్క వాక్యం."

"ఏమిటది?"

"చెన్నబసప్ప అనే మనిషి సీటు చూసుకుంటే, చివరి వరుస తప్ప బస్సంతా అతనికి ఎర్రగా కనిపిస్తుంది."

"ఎవరా చెన్నబసప్ప?"

"నా భార్య తమ్ముడు. హుబ్బళ్లిలో కాలేజీ లెక్చరరు. ప్రతి ఆదివారం రాత్రి మైసూరు నుంచి మన బస్సులోనే వెళ్తాడు."

"ఏం చేశాడు మిమ్మల్ని?"

"తన కొత్తింటి గృహప్రవేశానికి వాళ్ల ప్రిన్సిపాలు వచ్చాడు. ఆయనకు నన్ను పరిచయం చేస్తూ 'మా బావ, కేబుల్ పని' అన్నాడు. అప్పటికి నేను ఆరు సర్వర్లు చూస్తున్నాను మేడమ్!"

"ఎన్నాళ్లయింది?"

"పదకొండేళ్లు."

"పదకొండేళ్లు... ప్రతి ఆదివారం... వెనక టైరు మీద ఎగిరిపడుతూనా?"

"పండగలకు రెండుసార్లు."

ఆవిడ పెదవులు బిగించారు. భుజాలు కదిలాయి. చివరికి ఆగలేక కాఫీ చీర మీద ఒలికేదాకా నవ్వారు. నవ్వు అయిపోయాక కళ్లు తుడుచుకుని, మొహం మళ్లీ ఆఫీసు మొహం చేసుకున్నారు.

"సోమవారం నా కళ్ల ముందు అది తీసేయాలి. చిన్మయ్‌కి మాట ఇవ్వలేదు. ఆ అమ్మాయికి ఇచ్చాను. మన దగ్గరికి వచ్చేస్తుంది. మెల్లగా కంటైనర్లలోకి మారతాం. బయటి నుంచి వచ్చే ఏ పెట్టె అయినా మీరు తెరిచి చూశాకే లోపలికి రావాలి, ఆ పనికి మీకంటే అనుమానప్పక్షి నాకు దొరకడు. మీరు చేసేది ఆ అమ్మాయి చూడాలి. ఇద్దరి సంతకాలూ లేకుండా ఒక్క అక్షరం కూడా మారకూడదు."

"నన్ను కాపలా కాయడానికా మేడమ్?"

"ఆ" అన్నారు ఆవిడ. మొహమాటం లేదు. "ఉంటారా, మానేస్తారా?"

"ఉంటాను" అన్నాను. ఇంకెక్కడికి పోతాను?

సోమవారం మేడమ్ చూస్తుండగా అర్కావతిలోంచి ఆ వాక్యం తీసేశాను. తర్వాతి నెల ఒకటో తారీఖున నేత్రావతి చేరింది. నా టేబుల్ ఎదురుగా టేబుల్ వేయించుకుంది. తాళాలు రెండు జతలయ్యాయి. చేరిన మొదటి రోజే ఒక పత్రం తయారుచేసి గోడకు తగిలించింది. ఏం మార్చాలి, ఎవరి కోసం, కారణం ఏమిటి, కింద రెండు సంతకాలు. "అనుమానం ఏమీ లేదు నంజుండన్నా, పద్ధతి అంతే" అంది. అనుమానం లేనివాళ్లు ఆ మాట అనరు. అయినా పిల్ల పనిమంతురాలు. నా తప్పులు రెండు పట్టుకుంది, నేను ఆమెవి మూడు పట్టుకున్నాను. ఆ ఒక్కటి ఎక్కువ పట్టుకోవడానికి రెండు రోజులు మెడ నొప్పి పుట్టేలా వెతికాననుకోండి.

తర్వాతి సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. చెన్నబసప్ప. పదకొండేళ్లలో ఎప్పుడూ ఆఫీసుకు ఫోన్ చేసినవాడు కాదు.

"బావా, ఒక మాట అడగనా? ఏమీ అనుకోవద్దు. నా సీటు ఎవరికిచ్చేశారు?"

"ఏ సీటు?"

"చివరి వరుస బావా! మూడు వారాల నుంచి నేను చూసేసరికి అది నిండిపోయి, ముందు సీటే వస్తోంది. డ్రైవరు పాటలు, హారను, ఎదురు లైట్లు... కన్ను మూస్తే ఒట్టు. నిన్న అలాగే వచ్చి క్లాసులో కునికిపాట్లు పడ్డాను. వెనక నాకు ఎంత హాయిగా ఉండేదని! కొంచెం ఎగరేస్తుందనుకో, ఉయ్యాలలా ఉంటుంది. అడ్డంగా కాళ్లు చాపుకుని పడుకుంటే హుబ్బళ్లిలో కండక్టరు లేపాల్సిందే."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నాకు తెలుసు బావా, మీరే నా కోసం ఉంచేవారని. నోరు తెరిచి చెప్పుకునే మనిషి కాదు మీరు. మా స్టాఫ్ రూములో అందరికీ చెబుతుంటాను, మా బావ బస్సు కంపెనీలో పెద్ద ఉద్యోగి, పదకొండేళ్లుగా ప్రతి వారం నా సీటు ఆయనే చూసుకుంటాడు అని." గొంతు తగ్గించి అడిగాడు. "నా మీద ఏమైనా కోపమొచ్చిందా బావా?"

"కొత్త మెషీన్లు వచ్చాయిలే. చూస్తాను" అని పెట్టేశాను.

 పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం రాత్రి గతుకుల రోడ్డు మీద వాడు ఎగిరెగిరి పడుతున్నాడని తలుచుకుని సుఖంగా పడుకున్నవాణ్ని. వాడేమో ఉయ్యాల ఊగాడట.

గోడ మీంచి ఒక పత్రం చింపుకొచ్చాను. ఏం మార్చాలి: చివరి వరుస. ఎవరి కోసం: చెన్నబసప్ప. కారణం దగ్గర పెన్ను ఆగింది. ఎదురు టేబుల్ నుంచి నేత్రావతి చూస్తూనే ఉంది.

"కారణం రాయకుండా సంతకం పెట్టలేను నంజుండన్నా."

జరిగింది మొత్తం చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మన పనిలో ఇది మామూలేనన్నా" అంది. "పొరపాటుకు కూడా ఎవరో ఒకరు అలవాటు పడిపోయి ఉంటారు. సరిచేస్తే తిట్లొస్తాయి."

"పొరపాటు కాదమ్మా, కావాలనే పెట్టాను."

"అయితే అదే రాయండి."

కారణం గడిలో 'పగ' అని రాసి ఇచ్చాను. ఆమె చదివి, ఆ మాట మీద ఒక గీత గీసి, పక్కన తన గుండ్రటి చేతిరాతతో 'ప్రయాణికుడి సౌకర్యార్థం' అని రాసి సంతకం పెట్టింది. దాని కింద నేనూ పెట్టాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం రాత్రి మా చెన్నబసప్ప చివరి వరుసలో కాళ్లు చాపుకుని, నా పేరు తలుచుకుంటూ, గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. నిద్ర పట్టనిది నాకే.